అవ్వ ఆ సిస్టర్‌కు చెప్పిన అబద్ధం

నర్సింగ్ చదివే పిల్లలతో మాట్లాడమని ఈమధ్య నన్ను అక్కడా ఇక్కడా పిలుస్తున్నారు. ఓర్పు గురించి చెప్పండి మేడం, సేవ గురించి చెప్పండి అంటారు. అవన్నీ వాళ్ల పుస్తకాల్లో ఉంటాయి, పరీక్షల్లో కూడా వస్తాయి. పుస్తకాల్లో లేనిది ఒకటి ఉంది. ఉద్యోగంలో చివరి కొన్నేళ్లు నాతోపాటు రోజూ డ్యూటీకి వచ్చి, నాతోపాటే బస్సెక్కి ఇంటికి పోయింది. దాని పేరు అసూయ. పిల్లలూ, దాని గురించి చెబుతాను.

నేను ఎక్కువ కాలం పనిచేసింది నంద్యాల పెద్దాసుపత్రిలో, ఆపరేషన్లయిన వాళ్లుండే వార్డులో. మంచాలు చాలక నేల మీద కూడా పడుకోబెట్టే వార్డు అది. బేతంచెర్ల నుంచి బండ మీదపడి వేళ్లు నలిగినవాళ్లు, ఆత్మకూరు నుంచి కాలు చీము పట్టినవాళ్లు, అందరూ అక్కడికే. అంతమందితో మాట్లాడాలంటే మాట చిన్నదిగా ఉండాలి. లే. పడుకో. చెయ్యి చాపు. రాత్రి ఏమీ తినొద్దు. ఇంతే నా భాష. రోగి కళ్లలోకి చూసేంత తీరిక లేదు, కట్టు తడిసిందా లేదా చూసేంత తీరిక ఉంటే గొప్ప. నా చేతిలో కుట్లు చీము పట్టిన కేసులు తక్కువ. అది నాకు గర్వంగా ఉండేది.

తర్వాత హెడ్ నర్సుగా ప్రమోషన్ ఇచ్చి ఆళ్లగడ్డకు వేశారు. నంద్యాలలో ఇల్లు వదల్లేక రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. చిన్న ఆసుపత్రి, కొద్ది మంచాలు, తీరికగా ఉంటుందనుకున్నాను. తీరిక ఉన్నమాట నిజమే. ఆ తీరికలోనే నాకు ఆమె కనిపించింది.

ఆమె అక్కడి స్టాఫ్ నర్సు. నాకంటే చాలా చిన్నది. దగ్గర్లోని పల్లె పిల్లే. పనిలో నాకంటే గొప్పదేమీ కాదు. సెలైన్ సూది ఎక్కించడానికి ఒక్కోసారి రెండో చెయ్యి కూడా వెతికేది. కానీ ఆమె వార్డులోకి వస్తే మంచాల మీద మనుషులు లేచి కూర్చునేవాళ్లు. ఆమె ఒక్కొక్కరి పక్కన మంచం మీదే కూర్చుని, చెయ్యి పట్టుకుని, వాళ్ల గొడ్ల గురించి, మనవళ్ల గురించి అడిగి, ఆ తర్వాత మందు సంగతి ఎత్తేది. కట్టు మార్చుకోవాల్సిన వాళ్లు పొద్దున వచ్చి, నేనున్నానని చూసి, "ఆ సిస్టర్ యాడ? మధ్యాహ్నం వస్తాదా? అయితే కూసుంటాంలే" అని వరండాలో కూర్చునేవాళ్లు. నంద్యాలలో ఎన్ని కట్లు కట్టిన చేతులు నావి. అవి ఖాళీగా ఉండేవి.

నన్ను సిస్టరమ్మా అనేవాళ్లు. ఆమెను మాత్రం అక్కా, పాపా, మా అమ్మా అని నోటికి వచ్చిన వరసలన్నీ పెట్టి పిలిచేవాళ్లు. వేరుశనక్కాయలు ఉడకబెట్టి తెచ్చేవాళ్లు, జొన్నరొట్టెలు మూటగట్టి తెచ్చేవాళ్లు. ఆమె తీసుకుని అందరికీ పంచేది, నాకు ముందు పెట్టేది. ఆ కాయలు నేను తిన్నాను, రుచిగా ఉండేవి. అందుకు కూడా కోపం వచ్చేది. ఒకరోజు బస్సులో కండక్టర్ నాకు టికెట్టు ఇచ్చి, "ఆళ్లగడ్డ ఆసుపత్రి గదా మేడం మీది? ఆ సిస్టర్ బాగుండాదా? మా అమ్మను బాగ చూసుకున్యాది" అన్నాడు. బాగుందని చెప్పి కిటికీ వైపు తిరిగాను. చాగలమర్రి దాకా పోయే బస్సది, ఆళ్లగడ్డలో దిగకుండా అటే పోతే బాగుండనిపించింది.

అసూయ పడేవాళ్లు ఊరికే ఉండరు. ఆమె చేసినట్టు చేసి చూద్దామనుకున్నాను. ఒకరోజు జ్వరంతో చేరిన ఒక పెద్దాయన మంచం మీద, ఆయన కాళ్ల దగ్గర, జాగ్రత్తగా కూర్చున్నాను. ముఖం మెత్తగా పెట్టి, "ఎలా ఉంది పెద్దాయనా?" అన్నాను. ఆయన గబుక్కున లేచి గోడకు ఆనుకున్నాడు.

"ఏందీ సిస్టరమ్మా, ఈడ కూసున్యావ్? రిపోర్టులో ఏమన్నా చెడ్డగ వచ్చిందా?" అన్నాడు.

"ఏమీ రాలేదు. ఊరికే కూర్చున్నాను."

"ఊరికే కూసుంటావా నువ్వు? నిజం చెప్పు. మావాళ్లను పిల్చుకోవాల్నా?"

ఆయన భార్య అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లేచి నిలబడి, ఎప్పటి గొంతుతో, "మాత్ర వేసుకో. నీళ్లు తాగు" అన్నాను. అప్పుడాయన కుదుటపడ్డాడు. తలుపు దగ్గర ఆమె నిలబడి ఇదంతా చూసింది. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఆ ఏడాదే అవ్వ వచ్చింది. అరవై దాటిన మనిషి, ఆళ్లగడ్డకు దగ్గరి పల్లెలో రైతుల ఇంటి పెద్దావిడ. షుగరు చాలా కాలంగా ఉంది. మాత్రలతో లొంగలేదు. కాలి వేలి దగ్గర పుండు పడింది. నంద్యాల డాక్టర్లు ఇన్సులిన్ మొదలుపెట్టి, ఇంట్లో రెండు పూటలా వేసుకోమన్నారు. వేసుకునే తీరు నేర్పించమని మా దగ్గరికి పంపారు. ఆ పని ఆ సిస్టర్ చేసింది. పొద్దునంతా అవ్వ పక్కన కూర్చుని, నిమ్మకాయ ఒకటి తెచ్చి, దానికి సూది వేయించింది. నీళ్లు లాగడం, బుడగ తీయడం, గుచ్చడం. అవ్వ నిమ్మకాయకు చక్కగా వేసింది. ఆమె చప్పట్లు కొట్టింది. వార్డంతా చప్పట్లు కొట్టింది. నేను మందుల గదిలో ఉండి విన్నాను.

తర్వాత అవ్వ నెలనెలా కాలు చూపించుకోవడానికి వచ్చేది. ఆ సిస్టర్ అడిగేది: "సూది వేసుకుంటాండావా అవ్వా?" అవ్వ చెప్పేది: "వేసుకుంటాండా తల్లీ, నువ్వు నేర్పినాక వేసుకోకుంటానా?" ఆమె ముఖం విచ్చుకునేది. కానీ నంద్యాలకు పోయి రక్తం పరీక్ష చేయించుకుంటే షుగరు తగ్గేది కాదు. వేసుకుంటున్నా తగ్గలేదంటే డోసు చాలలేదని డాక్టరు పెంచేవాడు. మరుసటి నెల ఇంకా పెంచేవాడు. కాగితం మీద అంకె పెరిగింది, పుండు కూడా పెరిగింది.

ఒకరోజు పొద్దున అవ్వకు జ్వరం, కాలు వాపు. ఆటోలో తెచ్చి మా దగ్గర చేర్చారు. మా డ్యూటీ డాక్టరు చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు, బయట ఓపీలో జనం మధ్య ఉన్నాడు. అవ్వను చూసి, యాంటీబయాటిక్ మొదలుపెట్టి, నంద్యాల వాళ్లు రాసిన ఇన్సులినే కొనసాగించమని రాశాడు. అందులో తప్పేమీ లేదు. ఎవరైనా అలాగే రాస్తారు. ఆ సిస్టర్ కాన్పు గది డ్యూటీలో ఉంది, ఎవరిదో తొలికాన్పు కష్టమవుతోంది. ఇంకొకరు సెలవు. అందుకని ఇన్సులిన్ వేయడానికి నేనే పోయాను.

సీసాలోంచి మందు లాగుతున్నాను. ఎక్కువ డోసే. అవ్వ కళ్లు మూసుకుని పడుకుంది. పొద్దున ఇడ్లీ తెస్తే సగం కూడా తినలేదు. ఆ క్షణంలో నేను అవ్వ గురించి ఆలోచించడం లేదు, ఆ నిమ్మకాయ గురించి ఆలోచిస్తున్నాను. చప్పట్లు కొట్టించుకుంది గదా, ఎంత బాగా నేర్పిందో చూద్దాం, ఎక్కడో ఒకచోట తప్పు నేర్పే ఉంటుంది అనుకున్నాను. ఆ తప్పు నా కంట పడాలని ఉంది. అందుకే అడిగాను.

"ఇంట్లో ఈ సూది ఎవరు వేస్తారు?"

అవ్వ కళ్లు తెరిచింది. నా వైపు చూసింది.

"నిన్నే. మందు ఎవరు లాగుతారు? సిరంజి మీద ఆ గీతలు నీకు కనపడతాయా?"

"కనపడవు."

"మరి ఎవరు లాగుతారు?"

అవ్వ అటూ ఇటూ చూసి, "నీకు చెప్తే ఏమైతాదిలే" అంది. "ఎవురూ లాగరు. నేను వేసుకోలే."

"నిన్న వేసుకోలేదా?"

"ఎప్పుడూ వేసుకోలే. ఒక్కసారి గూడ వేసుకోలే సిస్టరమ్మా. ఆ సీసాలు అట్లనే ఉండాయి, చల్లగుంటాయని పెట్టిన కుండలో."

సిరంజి ట్రేలో పెట్టేశాను. పిల్లలూ, మీకు వివరంగా చెప్పనక్కర్లేదు. ఒంట్లో చుక్క ఇన్సులిన్ పడని మనిషికి, వేసుకుంటోందనుకుని నెలనెలా పెంచిన డోసు అది. పైగా కడుపులో సగం ఇడ్లీ. ఇంకొక్క నిమిషమైతే ఆ మందంతా అవ్వ ఒంట్లో పడి, షుగరు పడిపోయి ప్రాణం మీదికి వచ్చేది.

"ఎందుకు వేసుకోలేదు?"

"కోడలు లాగియ్యాల. మేమిద్దరం మాట్లాడుకోం. నన్ను అడక్కుండ గొడ్డును అమ్మినారు, ఆ పొద్దు నుంచి మాటల్లేవు. మాట్లాడనిదాని ముందర చీర ఎత్తి తొడ చూపియ్యాల్నా నేను?"

"మరి ఆ సిస్టర్‌కు వేసుకుంటున్నానని ఎందుకు చెప్పావు?"

అవ్వ గొంతు తగ్గింది. "ఆ పిల్ల పొద్దునంతా కూసోని నేర్పిచ్చె. నేను వచ్చినప్పుడల్లా అడుగుతాది. లేదంటే ఆ మొగం ఎట్ల అయిపోతాదో! చెప్పలేకపోతి. నువ్వు గూడ చెప్పొద్దు, నీ కాళ్లు మొక్కుతా."

నాకు చెప్పడానికి అవ్వకు ఏ అడ్డూ లేదు. నా ముఖం ఎట్లా అయినా ఆమెకు పోయేదేమీ లేదు.

పోయి డాక్టరుకు చెప్పాను. ఆయన ఓపీ వదిలి వచ్చాడు. అప్పటి షుగరు చూశాం, ఎక్కువే ఉంది. అయినా ఆయన పాత డోసు కొట్టేసి చాలా చిన్న డోసు రాశాడు, గంటగంటకూ చూడమన్నాడు. ఆ చిన్న డోసుకే మధ్యాహ్నానికి అవ్వకు షుగరు పడిపోయి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట తడబడింది. గ్లూకోజ్ ఎక్కించాం. కాసేపటికి తేరుకుని, "అన్నం పెడ్తారా?" అంది. డాక్టరు గోడకు ఆనుకుని, "మేడం, దీనికే ఇట్లయితే, ఆ డోసు వేసుంటే..." అని ఆగిపోయాడు. తర్వాత అన్నాడు, "ఎక్స్‌పీరియన్స్ అంటే ఇదే మేడం. అడగాలని మీకు తోచింది చూడండి."

కాదని చెప్పలేదు. ఏం చెప్పాలి? ఆ ప్రశ్న అనుభవంలోంచి రాలేదు, పక్కమనిషి తప్పు పట్టుకోవాలనే కోరికలోంచి వచ్చింది అని చెప్పాలా? తల ఊపి ఊరుకున్నాను.

కాన్పు అయింది. తల్లీ పిల్లా క్షేమం. ఆ సిస్టర్ బయటికి వచ్చింది, జుట్టంతా చెదిరి, నీరసంగా. లోపల నేను సిద్ధంగా ఉన్నాను. నీ అవ్వ నీకు నెలల తరబడి అబద్ధం చెప్పింది, నీ నిమ్మకాయ చదువు ఎందుకూ పనికి రాలేదు అని చెప్పే వీలు, వార్డు మధ్యలో అందరూ వినేట్టు చెప్పే వీలు, నా చేతిలో ఉంది. ఇన్నాళ్ల వేరుశనక్కాయలకు బదులు తీర్చుకోవచ్చు. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా.

కానీ అవ్వ మంచం మీద నుంచి నన్నే చూస్తోంది. ఆ చూపు వార్డుల్లో నేను చాలాసార్లు చూశాను. ఆ మనిషి పరువు మన నోట్లో ఉన్నప్పుడు చూసే చూపు అది. ఇప్పుడు బయటపెడితే అవ్వ ఇంక ఏ ఆసుపత్రిలోనూ ఎవరికీ నిజం చెప్పదు. నాకు కూడా చెప్పదు. ఆ సిస్టర్‌ను పక్కకు పిలిచి, "మొదట అవ్వ దగ్గరికి పో. నీతో ఒక మాట చెప్పాలంట" అన్నాను. ఆమె చేతులు కడుక్కుని వచ్చేలోపు అవ్వ దగ్గరికి పోయి చెవిలో, "నేను చెప్పను. నువ్వే చెప్పాల. చెప్పకుంటే నీ కాలు పోతుంది" అన్నాను.

అవ్వ చెప్పింది. నేను రెండు మంచాల అవతల, కట్టు మార్చే సామాను సర్దుతున్నట్టు నిలబడి విన్నాను.

"నిమ్మకాయకు అంత బాగ ఏసినావు గదవ్వా!" అందామె, ఏడుపు గొంతుతో.

"నిమ్మకాయకేముందమ్మా, దానికి సిగ్గు లేదు గదా" అంది అవ్వ.

ఆమె అవ్వ చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. అంతే. కోప్పడలేదు. ఒక మనిషి తనను నెలల తరబడి మోసం చేసిందని తెలిసిన నిమిషంలో కూడా ఆమె ఆ మనిషి చెయ్యి పట్టుకోగలిగింది. ఆమె ఓడిపోతే చూడాలని నిలబడిన నేను, ఇంకోసారి ఓడిపోయి వచ్చాను.

కోడల్ని పిలిపించే పని నేను తీసుకున్నాను. అది మెత్తని మాటలతో అయ్యేది కాదని తెలుసు. కోడలు వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"ఆమె అడిగితే ఏస్తా మేడం" అంది. "నేనై నేను పోయి సూది ఏస్తానంటే, చంపేదానికి వచ్చినావా అంటాది."

"ఆమె అడగదు. నువ్వు అడగవు. నంద్యాలలో నేను పనిచేసిన వార్డు ఉంది. కాలు తీసేసిన వాళ్లు అక్కడ వరసగా పడుకుని ఉంటారు. వాళ్లను ఎత్తి కూర్చోబెట్టేది, దొడ్డికి తీసుకుపోయేది కోడళ్లే. నీ ఇష్టం."

కోడలు నేల చూసింది. "మాట్లాడాల్నా ఆమెతో?"

"మాట్లాడొద్దు. సూది వెయ్యి, పో."

అట్లాగే జరిగింది. మా ఎదుటే కోడలు మాట లేకుండా మందు లాగింది, అవ్వ మాట లేకుండా చీర పక్కకు జరిపింది, ముఖం గోడవైపు తిప్పుకుంది. ఇంటికి పోయాక కూడా అట్లాగే సాగిందట. పల్లెకు పోయే ఏఎన్‌ఎంకు చెప్పి అప్పుడప్పుడు చూసి రమ్మన్నాను. ఆ అమ్మాయి ఫోన్ చేసి, "మేడం, వాళ్లిద్దరూ మూగవాళ్ల మాదిరి ఏసుకుంటాండారు" అని చెప్పేది. నంద్యాలకు ఫోన్ చేసి అక్కడి డాక్టరుకు జరిగింది చెప్పాం, డోసు మొదటి నుంచి మొదలుపెట్టారు. పుండు పడిన వేలు ఒకటి పోయింది. కాలు మిగిలింది.

తర్వాత ఆ సిస్టర్ నా బల్ల దగ్గరికి వచ్చింది. "మేడం, మీరు ఏమడిగితే అవ్వ చెప్పింది?"

"ఎవరేస్తారని అడిగాను."

"నేను వేసుకుంటాండావా అనే అడిగినా ఎప్పుడూ" అంది. మళ్లీ మళ్లీ తనలో తను అనుకుంది. పిల్లలూ, మీరు నేర్చుకోవాల్సింది ఏదైనా ఉంటే ఇక్కడే ఉంది. వేసుకుంటున్నావా అంటే అవునని తప్ప ఇంకేమీ చెప్పలేరు. ఎవరు వేస్తారు, ఎక్కడ కూర్చుని వేస్తారు, సీసా ఎక్కడ పెడతారు అని అడిగితే ఇల్లు కళ్లముందుకు వస్తుంది.

ఆమె మరుసటి రోజు నుంచే అట్లా అడగడం మొదలుపెట్టింది. ఆ ప్రశ్న నాది. దాన్ని నాకంటే ఎంతో బాగా అడిగేది. నవ్వుతూ, చెయ్యి పట్టుకుని, "సీసా యాడ పెడ్తావు పెద్దమ్మా, కుండలోనా? చూపీ నాకు, నీ ఇల్లెట్లుంటాదో చెప్పు" అనేది. నేను పక్కనుంచి విని, మందుల గదిలోకి పోయి తలుపు వేసుకునేదాన్ని.

అవ్వ మాత్రం మారలేదు. వచ్చినప్పుడు ముందు ఆమె దగ్గర కూర్చుని గంటసేపు ముచ్చట్లు. ఎంత బాగా అడిగినా, "అంతా బాగుండాది తల్లీ, నువ్వు చెప్పినట్లే చేస్తాండా" అనేది. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి, కూర్చోకుండానే, "మొన్న రెండు పూటలు వేసుకోలే. పెండ్లికి పోతిమి. రాసుకో" అని చెప్పి పోయేది. అది నేను ఆ సిస్టర్‌కు చెప్పేదాన్ని, ఆమె నవ్వేది, ఇద్దరం కలిసి డాక్టరుకు చెప్పేవాళ్లం. ఆ ఆసుపత్రి అట్లా నడిచింది. బాగానే నడిచింది.

నా రిటైర్మెంటుకు ముందు ఆమెకు నంద్యాలకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది, నేను వదిలి వచ్చిన వార్డుకే. పోయే రోజున వరండాలో నిలబడేచోటు లేదు. ఎక్కడెక్కడి పల్లెల నుంచో వచ్చారు. పూలదండలు, అరటిపండ్లు, ఏడుపులు. నేను లోపల కేస్‌షీట్లు చూసుకుంటున్నాను. అవ్వ వచ్చింది. కోడలు కొంచెం దూరంలో ఓపీ చీటీ పట్టుకుని నిలబడి ఉంది.

"పోతాంది గదా ఆ పిల్ల" అంది అవ్వ, కళ్లు తుడుచుకుంటూ.

"పోతోంది. ఇంక నాతోనే నీకు పని."

"నీతో ఏముంది, ఉన్నదున్నట్లు చెప్పి పోతా. ఆ పిల్లకాడికి రావాలంటేనే, ఈపొద్దు ఏం చెప్పాలా, ఏం చెప్తే నవ్వుతాదా అని ఆటోలో అంతా తలుచుకుంటా వస్తాంటి."

అవ్వ వేలు పట్టుకుని రక్తం చుక్క తీసి షుగరు చూశాను. కొంచెం ఎక్కువుంది.

"నిన్న లడ్లు తిన్యా" అంది, నేను అడక్కుండానే. "రెండు."

రాసుకున్నాను. బయట ఆమె ఏదో అంది, వరండా అంతా ఒక్కసారి నవ్వింది. అవ్వ ఆ నవ్వు వైపు గబగబా పోయింది. ఈ ముసలమ్మ నాకు కూడా ఒక్కసారైనా అబద్ధం చెప్పి ఉంటే ఎంత బాగుండు అనుకుంటూ తర్వాతి కేస్‌షీటు తీశాను.